చదునైపోతున్న సాక్ష్యం

2025 సెప్టెంబరులో తెలుగునేలకు ఒకేసారి రెండు గౌరవాలు దక్కాయి. యునెస్కో ప్రపంచ వారసత్వ తాత్కాలిక జాబితాలోకి మన దేశం నుంచి కొత్తగా వెళ్లిన ఏడు ప్రకృతి స్థలాల్లో తిరుమల కొండలు ఒకటి, విశాఖపట్నం–భీమునిపట్నం తీరంలోని ఎర్రమట్టి దిబ్బలు మరొకటి. సంతోషించాల్సిన సంగతే. కాకపోతే తాత్కాలిక జాబితా అంటే, ముందుముందు వీటిని పరిశీలించండంటూ దేశం పంపుకొనే పేర్ల పట్టీ. అందులో పేరెక్కినంత మాత్రాన ఒక్క పొక్లెయిన్ కూడా ఆగదు.

ఎందుకు ఆగాలన్నది అసలు ప్రశ్న. ఎర్రమట్టి దిబ్బలు సినిమా పాటలకు బాగుంటాయని, తిరుమల దేవుడి కొండ అని ఎవరికైనా తెలుసు. భూవిజ్ఞానులు వాటికి విలువ కట్టే కారణం వేరు. నేల ఎప్పుడు లేచిందో, ఎప్పుడు కుంగిందో, సముద్రం ఎప్పుడు వెనక్కి తగ్గిందో చెప్పే ఆధారం అక్కడి రాతిలో, ఇసుకలో ఉంది. ఆ ఆధారం ఉన్నచోట ఉన్నట్టుగా ఉంటేనే చెల్లుతుంది. పెకలించి పక్కన పోస్తే ఇసుక ఎక్కడికీ పోదు, దాని వయసు చెప్పే వీలు మాత్రం పోతుంది. ఈ చిన్న తేడా మన చట్టాలకు ఇంతవరకూ ఎక్కలేదు.

కొండ వయసెంత అని అడిగితే భూవిజ్ఞాని ఎదురు ప్రశ్న వేస్తాడు: రాయి వయసా, కొండ వయసా? రెండూ ఒకటి కావు. హైదరాబాద్ చుట్టుపక్కల కనబడే గ్రానైట్ దాదాపు 250 కోట్ల ఏళ్ల కిందట భూగర్భంలో, కిలోమీటర్ల లోతున చల్లారి గట్టిపడింది. ఒకదాని మీద ఒకటి పేర్చినట్టుండే గుండ్ల ఆకారం మాత్రం చాలా తర్వాతది. పైనున్న బరువు కోట్ల ఏళ్లపాటు కోతకు గురై తొలగిపోతుంటే రాయి బిగువు సడలి పగుళ్లు బారింది. పగుళ్లలోకి నీరు దిగి అంచులను మెత్తబరిచింది. ఆ మెత్తని మట్టి వానలకు కొట్టుకుపోగా గట్టి గుండ్లు మిగిలాయి.

ఎవరెస్టుదీ అదే కథ. శిఖరం మీది సున్నపురాయిలో దాదాపు 45 కోట్ల ఏళ్లనాటి సముద్ర జీవుల అవశేషాలున్నాయి. ఆ సముద్రపు అడుగును ఆకాశానికెత్తిన గుద్దుకోలు మొదలై 5 కోట్ల ఏళ్లే. భారత ఫలకం యురేషియా ఫలకాన్ని ఢీకొనడం వల్ల ముడతలు పడి లేచిన పర్వతం అది. ఆ తోపుడు ఇంకా ఆగలేదు. హైదరాబాద్ జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ (ఎన్‌జీఆర్‌ఐ) ఆవరణలోని జీపీఎస్ కేంద్రం కూడా దేశంతోపాటు ఏటా సుమారు 5 సెంటీమీటర్లు ఈశాన్యం వైపు జరుగుతూనే ఉంది.

రాయి వయసు కట్టడానికి భూవిజ్ఞానులు ఎక్కువగా నమ్మేది జిర్కాన్ అనే ఖనిజాన్ని. ఇసుక రేణువు కంటే చిన్నదిగా కూడా దొరికే ఈ స్ఫటికం ఏర్పడేటప్పుడు యురేనియాన్ని తనలోకి రానిస్తుంది, సీసాన్ని దాదాపుగా రానివ్వదు. అందువల్ల తర్వాత అందులో కనబడే సీసమంతా యురేనియం క్షీణించగా పుట్టిందే అనుకోవచ్చు. యురేనియం–238లో సగం సీసంగా మారడానికి 447 కోట్ల ఏళ్లు, యురేనియం–235కు 70.4 కోట్ల ఏళ్లు పడుతుంది. ఒకే స్ఫటికంలో రెండు గడియారాలు నడుస్తున్నాయన్నమాట. రెండూ ఒకే వయసు చెబితే లెక్క నిలిచింది. చెప్పకపోతే మధ్యలో ఆ రాయి ఏదో వేడికో, ఒత్తిడికో లోనైందని అర్థం. ఆ తేడా కూడా పనికొచ్చే సమాచారమే.

అవక్షేప శిలలతో ఇంత తేలిక కాదు. ఇసుకరాతిలోని జిర్కాన్ ఎక్కడో పాత కొండ నుంచి కొట్టుకొచ్చిందై ఉంటుంది. అది చెప్పేది ఆ కొండ వయసు. అందుకే భూవిజ్ఞానులు పక్కదారిన వస్తారు. కడప బేసిన్‌లోని పులివెందుల దగ్గర, పొరల మధ్యకు చొచ్చుకొచ్చి గట్టిపడ్డ శిలాద్రవపు పలక ఒకటి ఉంది. అందులోని బాడెలైట్ అనే ఖనిజంతో యురేనియం–సీసం పద్ధతిలో లెక్క కడితే 188.5 కోట్ల ఏళ్లు వచ్చింది. శిలాద్రవం చొరబడాలంటే అంతకుముందే పొరలు ఉండాలి. కాబట్టి ఆ పొరలు అంతకంటే పాతవి. తెలుగు ఇళ్లలో అరుగులకు, వంటగది గట్లకు వాడే కడప బండలు కూడా ఈ బేసిన్‌లోవే, కాకపోతే కొంత తర్వాతి కర్నూలు వర్గపు సున్నపురాతివి. నెలవంక ఆకారంలో 44 వేల చదరపు కిలోమీటర్లకు పైగా పరుచుకున్న ఈ బేసిన్, భూమి పైపొర సాగి కుంగినచోట ఏర్పడ్డ పల్లం. తర్వాత తూర్పు నుంచి వచ్చిన ఒత్తిడికి దాని తూర్పు భాగం ముడతలు పడింది. ఆ ముడతలే నల్లమల. గండికోట దగ్గర పెన్నా కోసుకుపోయిన క్వార్ట్‌జైట్ గోడల్లో ఈ పొరల వరస విడివిడిగా కనబడుతుంది.

ఇక తిరుమల. ఘాట్ రోడ్డులో కొండను తొలిచినచోట ఆగి చూస్తే కింద ముతక పలుకులతో గ్రానైట్, పైన పొరలుపొరలుగా క్వార్ట్‌జైట్. రెంటి నడుమ ఒక గీత. కింది రాయి ఎప్పుడో భూమి లోతున పుట్టి, పైనున్నదంతా కోసుకుపోయి బయటపడి, నేలమట్టమైంది. ఆ తర్వాత దానిమీదికి నీరొచ్చి, ఇసుక పేరుకుని, గట్టిపడి ఈ క్వార్ట్‌జైట్ అయింది. ఈ రెంటి మధ్య ఖాళీ దాదాపు 80 కోట్ల ఏళ్లు. గీత మీద అరచెయ్యి ఆనిస్తే బొటనవేలు ఒక యుగంలో, చిటికెనవేలు మరో యుగంలో ఉంటాయి. జీఎస్‌ఐ, అంటే భారత భూవిజ్ఞాన సర్వేక్షణ సంస్థ, దీన్ని జాతీయ భూవైజ్ఞానిక స్మారకంగా గుర్తించింది. రోజూ వేలమంది దీని పక్కనుంచే బస్సుల్లో వెళ్తుంటారు. ఆ గీత ఏమిటో తెలిసి వెళ్లేవాళ్లు బహు తక్కువ.

విశాఖ కొండలకు దూరపు చుట్టాలున్నారు. కైలాసగిరి రాయి ఖోండలైట్. ఖోండు తెగ పేరుమీద 1902లో ఒక భూవిజ్ఞాని పెట్టిన పేరది. తూర్పు కనుమల ఉత్తర భాగంలోని ఈ రాళ్లు సుమారు 100 కోట్ల ఏళ్ల కిందట రెండు ఖండాలు గుద్దుకున్నప్పుడు లోతున వేడికి, ఒత్తిడికి మారిన రూపాంతర శిలలు. అదే వయసు, అదే తీరు శిలలు తూర్పు అంటార్కిటికాలోనూ ఉన్నాయి. వయసులు కలవడం వల్లనే ఆ రెండూ ఒకప్పుడు ఒకే పర్వతశ్రేణి అని తేలింది. సుమారు 13 కోట్ల ఏళ్ల కిందట మధ్యలో నేల చీలి, సముద్రం పుట్టి, చెరో దిక్కుకు వెళ్లాయి. విశాఖ తీరరేఖ ఆ చీలిక అంచు.

అంతకు చాలా ముందే నేల మరోచోట చీలబోయి ఆగిపోయింది. వాయవ్యం నుంచి ఆగ్నేయానికి సాగే ఆ పగులు లోయలోనే గోదావరి పారుతోంది. కుంగుతున్న లోయలో అడవులు, చిత్తడి నేలలు పూడిపోయి బొగ్గయ్యాయి. 1870ల మొదట్లో జీఎస్‌ఐకి చెందిన విలియం కింగ్ ఇల్లందు ప్రాంతంలో బొగ్గు గుర్తించాడు, సింగరేణి కథ అక్కడ మొదలైంది. అదే లోయలో దొరికిన రాక్షసబల్లి కోటాసారస్ అస్థిపంజరాన్ని హైదరాబాద్ బిర్లా సైన్స్ సెంటర్‌లో పిల్లలు నోరెళ్లబెట్టి చూస్తుంటారు. లోయ చివర, రాజమహేంద్రవరం దగ్గర నల్లని బసాల్ట్ ఉంది. ఆర్గాన్ పద్ధతిలో దాని వయసు సుమారు 6.5 కోట్ల ఏళ్లని తేలింది. రసాయన కూర్పు చూస్తే మహారాష్ట్రలోని దక్కన్ లావాతో సరిపోయింది. రాతిలో ముద్రపడిన అయస్కాంత దిశలూ కలిశాయి. అంటే పడమటి కనుమల వైపు పొంగిన లావా పాత నదీలోయల వెంట వెయ్యి కిలోమీటర్ల దాకా పారి ఇక్కడికి చేరింది. భూమ్మీద తెలిసిన అతి పొడవైన లావా ప్రవాహాలు ఇవే కావచ్చని పరిశోధకులు రాశారు.

ఇవన్నీ కోట్ల లెక్కలు, గట్టి రాళ్లు. మనం వేగంగా పోగొట్టుకుంటున్నవి వీటికంటే చాలా చిన్న వయసువి: మట్టి దిబ్బలు, నదీ తీరపు మెట్టలు, బూడిద పొరలు. వాటి వయసు వేలల్లో, లక్షల్లో ఉంటుంది. అక్కడ యురేనియం గడియారం పెద్దగా పనికిరాదు. రేడియో కార్బన్ అర్ధాయువు 5,730 ఏళ్లే కాబట్టి 50 వేల ఏళ్లు దాటితే అదీ చేతులెత్తేస్తుంది. పైగా దానికి బొగ్గో, గవ్వో, ఎముకో కావాలి.

అప్పుడు అక్కరకొచ్చేది పలుగురాయి. నేల పైభాగంలో ఉన్న పలుగురాతిని అంతరిక్షం నుంచి వచ్చే కాస్మిక్ కిరణాలు తాకి బెరీలియం–10 అనే అరుదైన పరమాణువులను పుట్టిస్తాయి. వాటిని లెక్కిస్తే ఆ రాయి ఎంతకాలంగా బయటి గాలికి ఉందో తెలుస్తుంది. నంగా పర్బత్ పరిసరాల్లో సింధు నది వదిలేసిన పాత రాతి మెట్టలను ఇలా లెక్కగట్టి, నది కొండను ఏటా 2 నుంచి 12 మిల్లీమీటర్ల చొప్పున కోస్తోందని 1996లోనే తేల్చారు. రాయి వయసు వదిలి కొండ వయసును పట్టుకునే పద్ధతి ఇది.

పలుగురాతితోనే చేసే రెండో పద్ధతి ఇంకా సున్నితమైంది. పూడిపోయిన పలుగు రేణువుల్లోకి చుట్టూ ఉన్న మట్టిలోని స్వల్ప రేడియోధార్మికత శక్తిని నింపుతూ ఉంటుంది, చుక్కచుక్కగా నిండే కుండలాగా. ప్రయోగశాలలో కాంతి పుంజంతో ఆ శక్తిని విడిపించి కొలిస్తే, రేణువు చివరిసారి ఎండ చూసి ఎన్నేళ్లయిందో తేలుతుంది. ఎండ తగిలిందా, కుండ క్షణాల్లో ఖాళీ. అందుకే ఈ నమూనాలు తీసేవాళ్లు మట్టి గోడలోకి ఇనుప గొట్టాన్ని దిగగొట్టి, రెండు కొసలూ మూసి, నల్ల సంచిలో చుట్టి, మసక ఎర్రదీపం ఉన్న గదిలోనే విప్పుతారు.

ఈ పద్ధతి సత్తా చూపిన చోటు నంద్యాల జిల్లాలోని జ్వాలాపురం. సుమారు 74 వేల ఏళ్ల కిందట ఇండోనేషియాలోని తోబా అగ్నిపర్వతం పేలినప్పుడు ఎగసిన బూడిద బంగాళాఖాతం దాటి అక్కడి జుర్రేరు లోయలో పడింది. వాన నీటితో పల్లాల్లోకి చేరి, ఒకచోట రెండున్నర మీటర్ల మందాన పేరుకుంది. 2007లో వెలువడిన అధ్యయనంలో బూడిద కింది పొరకు 77 వేల ఏళ్లు, పై పొరకు 74 వేల ఏళ్లు వచ్చాయి. ఇటూ అటూ ఆరేడు వేల ఏళ్ల తేడా ఉండొచ్చు. కింది పొరలోనూ పై పొరలోనూ రాతి పనిముట్లు దొరికాయి. అంత పెద్ద ఉత్పాతం తర్వాత కూడా ఇక్కడ మనుషులు బతికి బట్టకట్టారన్న వాదానికి జ్వాలాపురం గట్టి ఆధారమైంది. ఆ బూడిదను అక్కడివాళ్లు శుభ్రపరిచే పొడుల తయారీకి తవ్వి అమ్ముకున్నారు. వాళ్లను తప్పుపట్టడం అన్యాయం. తాము తవ్వుతున్నదేమిటో వాళ్లకు చెప్పిన ప్రభుత్వం లేదు. తవ్వకాల వల్లే బూడిద గోడలు శాస్త్రవేత్తల కంటపడ్డాయన్నదీ నిజం.

ఎర్రమట్టి దిబ్బల దగ్గరికి వస్తే, తవ్వితే పోయేదేమిటో ఇంకా స్పష్టం. మంచుయుగం ముదిరిన సుమారు 20 వేల ఏళ్ల కిందట సముద్రమట్టం ఇప్పటికంటే 120 మీటర్ల మేర కిందికి ఉండేది. బయటపడ్డ సముద్రపు అడుగు నుంచి గాలి ఇసుకను ఒడ్డుకు చేర్చింది. వెనకనున్న ఖోండలైట్ కొండల మట్టి వాగులతో దిగింది. సముద్రం వెనక్కి పోయి ముందుకు వచ్చినప్పుడల్లా కథ మారుతూ పొరలు పేరుకున్నాయి. ఇసుక రేణువుల మీద ఇనుప ఆక్సైడ్ పూత పట్టి ఎర్రబడింది. సుమారు 5 కిలోమీటర్ల పొడవున్న ఈ దిబ్బల లాంటివి దక్షిణాసియాలో తమిళనాడు తీరంలో, శ్రీలంకలో తప్ప లేవు. 2014లో జాతీయ భూవైజ్ఞానిక స్మారకం హోదా వచ్చింది. అయినా 2024లో అక్కడ భారీ యంత్రాలు దిగి నేలను చదును చేశాయి. గొడవయ్యాక పనులు ఆగాయి.

పనులు ఆగాయి సరే, జరిగిన నష్టం ఏమిటి? చదును చేసినవాళ్లను అడిగితే, మట్టి అక్కడే ఉంది కదా అంటారు. మట్టి అక్కడే ఉంది. యంత్రం తిరగేసి ఎండకు పెట్టిన ప్రతి రేణువులోనూ ఉన్న లెక్క చెరిగిపోయింది. ఇక అది ఎప్పటిదని ఏ ప్రయోగశాలనైనా అడిగితే 2024 నాటిదని చెబుతుంది. కూలిన గుడిని ఫొటోలు చూసి మళ్లీ కట్టుకోవచ్చేమో, దీన్ని మాత్రం ఎంత డబ్బు పోసినా వెనక్కి తేలేం.

ఇదంతా పండితుల సరదా అనుకునేవారు 2024 డిసెంబరు 4 ఉదయాన్ని గుర్తుచేసుకోవాలి. ములుగు కేంద్రంగా 5.3 తీవ్రతతో భూమి కంపించి హైదరాబాద్ నుంచి విజయవాడ దాకా జనం ఇళ్లలోంచి బయటికి వచ్చారు. 1969 ఏప్రిల్‌లో భద్రాచలం దగ్గర 5.7 తీవ్రతతో కంపించింది ఇదే గోదావరి లోయ. పాత పగులు లోయల అంచున ఉండే భ్రంశాలు, అంటే నేల విరిగి జరిగిన పగుళ్లు, పూర్తిగా నిద్రపోవు. హిమాలయాల దగ్గరి తోపుడు ఫలకమంతటా పాకి, బలహీనమైన చోట బయటపడుతుంది. 1993 సెప్టెంబరు 30 తెల్లవారుజామున మహారాష్ట్రలోని కిల్లారిలో భూకంపం వేలమందిని బలిగొన్నప్పుడు, ఆ ప్రాంతం దేశ భూకంప పటంలో అతి తక్కువ ముప్పున్న మండలంలో ఉంది. 2002లో ఆ మండలాన్నే పటం నుంచి తీసేశారు.

పరికరాలతో భూకంపాలను నమోదు చేయడం మొదలై నూరేళ్లు దాటింది, అంతే. వెయ్యేళ్లకోసారి కదిలే భ్రంశం గురించి ఆ రికార్డు ఏం చెబుతుంది? దాని గతం తెలియాలంటే నది ఒడ్డు పొరల్లో కందకం తవ్వి, విరిగిన పొర వయసు, దానిమీద విరగకుండా పరుచుకున్న పొర వయసు కట్టాలి. రెంటి నడుమ ఎప్పుడో నేల కదిలిందన్నమాట. ఆ పొరలన్నీ ఇసుక రీచ్‌లకు, మట్టి క్వారీలకు తరలిపోతే గోదావరి లోయలో ఆనకట్టలకు, విద్యుత్ కేంద్రాలకు ముప్పు అంచనా వేసే ఆధారం తగ్గిపోతుంది.

చట్టం సంగతి చూస్తే నిరాశే. 1958 నాటి పురాతన కట్టడాల చట్టం మనిషి కట్టినవాటికి, చెక్కినవాటికి, చరిత్రతో ముడిపడ్డవాటికి రక్షణ ఇస్తుంది. కొండకో, మట్టి పొరకో అది వర్తించదు. జీఎస్‌ఐ దేశంలో ముప్పైకి పైగా స్థలాలను జాతీయ భూవైజ్ఞానిక స్మారకాలుగా ప్రకటించింది. ఆంధ్రప్రదేశ్‌లో తిరుమల గీత, శిలాతోరణం, మంగంపేట బెరైటీస్, ఎర్రమట్టి దిబ్బలు వాటిలో ఉన్నాయి. ఆ ప్రకటన వెనక శిక్ష వేసే సెక్షన్ ఏదీ లేదు. బోర్డు పాతడం వరకే ఆ సంస్థ అధికారం. 2022 డిసెంబరులో కేంద్ర గనుల శాఖ భూవారసత్వ స్థలాల పరిరక్షణకు ముసాయిదా బిల్లును ప్రజల ముందుంచింది. అధికారమంతా ఒక్క సంస్థ చేతిలో పెట్టారని, విశ్వవిద్యాలయాల, ప్రైవేటు పరిశోధకుల పనికి అది అడ్డొస్తుందని విమర్శలొచ్చాయి. అవి సహేతుకమైన విమర్శలే. వాటిని సరిదిద్ది చట్టం చేయాల్సింది పోయి, బిల్లునే మూలన పడేశారు.

అభివృద్ధి ఆగిపోతుందన్న భయం దీనికి అక్కర్లేదు. రోడ్డు కోసం కొండను తొలిచారు కాబట్టే తిరుమల గీత అంత స్పష్టంగా కనబడుతోంది. బొగ్గు తవ్వారు కాబట్టే గోదావరి లోయ లోపలి పొరలు తెలిశాయి. తవ్వకం దానంతటది శత్రువు కాదు, చూసేవాళ్లు లేకుండా తవ్వడంతోనే చిక్కు. పెద్ద భవనం కట్టాలంటే మట్టి పరీక్ష అడుగుతున్నారు, గని తవ్వాలంటే పర్యావరణ అనుమతి అడుగుతున్నారు. గుర్తించిన స్థలాల పరిసరాల్లో క్వారీ లీజుకో, లేఅవుట్‌కో ముందు ఒక భూవిజ్ఞాని నివేదిక అడగడం అంతకంటే పెద్ద భారమేమీ కాదు. తప్పనిసరిగా తవ్వాల్సి వస్తే ఒక గోడను తాకకుండా వదలాలి, పొరలను కొలిచి, ఫొటోలు తీసి, నమూనాలు భద్రపరచాలి. కొత్త వెంచర్లో పార్కుకు వదిలే జాగా కంటే అది ఎక్కువ అడగదు.

కేంద్రం బిల్లు తెచ్చేదాకా రాష్ట్రాలు చేతులు ముడుచుకుని కూర్చోనక్కర్లేదు. భూమి, చిన్నతరహా ఖనిజాల లీజులు, పట్టణ ప్రణాళిక రాష్ట్రాల చేతిలోవే. తెలంగాణలో పాండవుల గుట్టలు, హైదరాబాద్‌లో మిగిలిన గుండ్ల గుట్టలు, ఆంధ్రప్రదేశ్‌లో జ్వాలాపురం బూడిద గోడలు, రాజమహేంద్రవరం బసాల్ట్ క్వారీల్లో మిగిలిన లావా పొరలు మొదటి పట్టీలో ఉండదగ్గవి. ఆంధ్రా, ఉస్మానియా, శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయాల్లో భూవిజ్ఞాన శాఖలున్నాయి, హైదరాబాద్‌లో ఎన్‌జీఆర్‌ఐ ఉంది. పట్టీ తయారు చేయడానికి మనుషుల కొరత లేదు. ప్రతిచోటా తెలుగులో, పదో తరగతి పిల్లవాడికి అర్థమయ్యేలా ఒక బోర్డు పెట్టడానికి పెద్ద బడ్జెట్టూ అక్కర్లేదు.

వీటన్నిటికంటే ముందు జరగాల్సిన పని ఒకటుంది. ఎర్రమట్టి దిబ్బల హద్దులను వివాదానికి తావులేకుండా సర్వే నంబర్లతో సహా తేల్చి, ఆ హద్దు లోపల ఏ యంత్రమూ దిగరాదని ఉత్తర్వు ఇవ్వాలి. యునెస్కో పరిశీలకులు వచ్చేదాకా ఆగితే వాళ్లకు చూపించడానికి ఏమి మిగులుతుందో చెప్పలేం. ఆ ఉత్తర్వు ఇవ్వగలిగింది రాష్ట్ర ప్రభుత్వమే, దానికి పారిస్‌లోని యునెస్కో అనుమతి అవసరం లేదు.